నిజమైన క్రైస్తవుడెవడు?

“నిజమైన క్రైస్తవుడెవడు?” అను ప్రశ్న మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో తరచుగా వినబడుచుండును. కాని ఆ ప్రశ్న వేయువాడు దానిని తనకే వేసికొనుట అరుదు. ప్రక్కవాని వైపు వ్రేలు చూపి వేయుటయే వాడుక. ఫలానివాడు నీటిలో మునిగి బాప్తిస్మము పొందలేదు గనుక నిజమైన క్రైస్తవుడు కాడనియు, ఫలాని యింటివారు నగలు ధరింతురు గనుక కారనియు, ఫలాని సంఘమువారు అన్యభాషలతో ప్రార్థింపరు గనుక కారనియు తీర్పులు జరుగుచున్నవి. ఈ సంచికను చదువు హైందవ, మహమ్మదీయ సోదరులు “ఇది మీ యింటి తగవు, మాకేల?” అనవచ్చును. అట్లు కాదని మా మనవి. ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసినవారిలో వారును ఉన్నారని చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

క్రైస్తవుడను పేరు ఎట్లు పుట్టినదో మొదట చూతము. అది క్రీస్తు తన శిష్యులకు పెట్టిన పేరు కాదు. ఈ పేరు మొట్టమొదట వ్యవహారములోనికి వచ్చిన చోటు అంతియొకయ పట్టణమని అపొస్తలుల కార్యముల గ్రంథము పదునొకండవ అధ్యాయము వలన తెలియుచున్నది. శిష్యులు తమ్ము తాము సోదరులనియు, విశ్వాసులనియు చెప్పుకొనెడివారు. క్రైస్తవులని పిలిచినవారు ఊరివారే యని పండితులలో పెక్కుమంది అభిప్రాయము. ఊరివారికి క్రొత్త పేరు ఏల కావలసివచ్చెను? ఆ పట్టణములో యూదులును, యూదులు కానివారును ఒక్క పంక్తిని కూర్చుండి భుజించుచుండిరి. వారిని యూదులందమన్న యూదులు కారు, గ్రీకులందమన్న గ్రీకులు కారు. పాత పేర్లు చాలకపోయినందుననే క్రొత్త పేరు పుట్టినదని మేము తలంచుచున్నాము.

ఆ పట్టణములోనే మఱియొక సంగతి జరిగినది. పేతురు మొదట అన్యజనులతో కలిసి భుజించి, యెరూషలేమునుండి పెద్దమనుష్యులు కొందఱు రాగానే భయపడి పంక్తి విడిచి వేఱు కూర్చుండెను. పౌలు అందఱి యెదుటను అతనిని నిలువదీసెను. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో ఈ వృత్తాంతము కలదు. పేతురు ప్రార్థన మానలేదు, బోధ మానలేదు, ఉపవాసము మానలేదు. మానినది ఒక్కటే, సహపంక్తి భోజనము. ఆ ఒక్కదానికే పౌలు అతడు సువార్తకు తగినట్లు నడచుట లేదని తీర్మానించెను. కావున నిజమైన క్రైస్తవుడెవడను తగవు సంఘములో మొదట పుట్టినప్పుడు అది నీటిని గూర్చి కాదు, నగలను గూర్చి కాదు, విస్తరిని గూర్చి పుట్టినది. దీనిని మనము మఱచితిమి.

మఱచి మనము పట్టుకొన్న కొలమానములు నాలుగు. మొదటిది కాగితము. మేము ముప్పది యేండ్లకు పైగా గుమాస్తా ఉద్యోగము చేసినవారము. ప్రతి దరఖాస్తులోను మతము అని ఒక గడి ఉండెడిది. ఆ గడిలో వ్రాసిన మాట ఆ మనిషి బ్రతుకులో ఉన్నదా లేదా యని విచారించుట మా పని కాదు. గడి ఖాళీగా ఉన్నదా, నిండినదా యని చూచుటయే మా పని. గుమాస్తాకు అది చాలును. కాని నేడు మన సంఘములు కూడ ఆ గుమాస్తాపనియే చేయుచున్నవి. బాప్తిస్మపు పుస్తకములో పేరు, చందా పుస్తకములో పైకము, హాజరు పుస్తకములో గుర్తు ఉన్న చాలునట! ఇక విచారణ లేదు.

రెండవది వేషము. బొట్టు తీసివేయుట, గాజులు తీసివేయుట, తెల్లచీర కట్టుట. ఆడంబరమును విడుచుట మంచిదే. దానిని మేము కాదనము. కాని బంగారము విడిచినవారిలో వడ్డీవ్యాపారము విడువనివారిని మేము చూచితిమి. మెడలోని గొలుసు కంటె తనఖా పెట్టుకొన్న పరుల గొలుసు బరువైనదని వారికి ఎవ్వరును బోధింపరు.

మూడవది ఐశ్వర్యము. ఇల్లు కొన్న సాక్ష్యము, కారు కొన్న సాక్ష్యము, కుమారునికి అమెరికా వీసా వచ్చిన సాక్ష్యము. కృతజ్ఞత చెప్పుట తప్పు కాదు. అయితే సంపద దైవానుగ్రహమునకు గుర్తయినచో, తల వాల్చుటకు సొంత చోటు లేక తిరిగిన ప్రభువు ఈ పరీక్షలో మొదటనే తప్పిపోవును. వీసా రాని కుమారుని తల్లి ఆ మూల కూర్చుండి ఏమి తలంచుకొనుచున్నదో సాక్ష్యము చెప్పువారు ఒకసారి చూడవలెను.

నాలుగవది స్వభాషమీద ఏవగింపు. తెలుగు పేరు, తెలుగు పద్యము అన్యుల సొత్తని కొందఱి భ్రమ. పర్లాకిమిడి ప్రాంతమున పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) తెలుగు రాగతాళములతో కీర్తనలు రచించి క్రైస్తవారాధనకు తెలుగు గొంతు నిచ్చిరి. గుఱ్ఱము జాషువా గారు వ్రాసిన “క్రీస్తు చరిత్ర”కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. జాషువా గారిని అంటరానివాడని ఒకవైపువారును, పురాణ కావ్యములు చదివెనని రెండవవైపువారును దూరము పెట్టిరి. నేడు ఇరువురును ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుచున్నారు.

ఈ నాలుగు కొలతలును తేలికైనవి. బయటినుండి చూచినంతనే తేలిపోవును. ఎవరికిని నష్టము కలుగదు. అందుచేతనే అవి మనకు ఇష్టములు. నష్టము కలిగించు కొలత ఎట్టిదో తెలిసికొనవలెనన్న మన తెలుగు దేశపు చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. అది ఒంగోలు వృత్తాంతము.

అమెరికను బాప్టిస్టు మిషనరీయైన జాన్ క్లౌ గారు 1866లో ఒంగోలు చేరిరి. అప్పటికి నెల్లూరు కేంద్రముగా ఆ మిషను పని మొదలై ఇరువది యేండ్లు దాటినను ఫలము స్వల్పము. ఒంగోలులో పై కులములవారు కొందఱు ఆయన బోధను ఆదరించి, తమ పిల్లలను పాఠశాలకు పంపసాగిరి. అంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్య గారను మాదిగ వచ్చెను. ఆయన తోళ్ళ వ్యాపారము చేయుచు, గురువులవద్ద యోగము అభ్యసించి, సత్యమును వెదకుచు తిరిగినవాడు. ఆయనకు బాప్తిస్మము జరిగినది. ఆయన జాతివారు వచ్చుట మొదలైనది. మాదిగలతో సమముగా కూర్చుండజాలమని పైవారు తొలగిపోయిరి. క్లౌ గారి ముందు రెండు దారులుండెను. మాదిగలను ఆపినచో ఊరిలోని పెద్దలు వచ్చెదరు. ఆపనిచో పెద్దలు రారు. ఆ రాత్రి ఆయనయు, ఆయన భార్యయు వేఱువేఱుగా బైబిలు తెఱవగా ఇరువురకును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకమునకు తక్కువవారిని ఏర్పరచుకొనెనను భాగమే కనబడినదని క్లౌ గారు తన జీవితకథలో చెప్పిరి. తలుపు మూయలేదు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను.

ఆ తొలి మాదిగ విశ్వాసులకు విధింపబడిన నియమములు మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చదువుటకు చిన్నవి. కాని పల్లెలో వానికి అర్థమేమి? ఆసామి పిలిచిన ఆదివారము పోకుండుట. జాతరకు డప్పు కొట్టకుండుట. అనగా తరతరముల వెట్టిని కాదనుట. మోతుబరులకును, గ్రామాధికారులకును కోపము వచ్చినది. కూలి పోయినది, దెబ్బలు పడినవి. అయినను వారు మరలలేదు. వారిలో అక్షరము తెలిసినవారు బహు కొద్దిమంది. త్రిత్వమును గూర్చి పరీక్ష పెట్టిన తప్పిపోయెడివారు. కాని ఊరివారికి మాత్రము వారు క్రైస్తవులని స్పష్టముగా తెలిసిపోయినది. అంతియొకయలో వలెనే పేరు పెట్టినవాడు పొరుగువాడు.

అటుపిమ్మట 1876–78 నాటి కరవు వచ్చినది. క్లౌ గారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించిరి. బోధకులు మేస్త్రీలైరి. పగలు పని, సాయంకాలము మాటలు. కూలివారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు! కరవు సహాయము సాగుచున్నంతకాలము, సుమారు పదునైదు నెలలు, బాప్తిస్మములు నిలిపివేసిరి. అన్నముకొఱకు వచ్చినవాడెవడో, దేవునికొఱకు వచ్చినవాడెవడో తెలియవలెనని వారి అభిప్రాయము. సహాయము ముగిసినది, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పిన తరువాతను జనులు వచ్చిరి. అప్పుడు, 1878 జూలై 2న 614 మందికిని, 3న 2,222 మందికిని, 4న 700 మందికిని గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లివద్ద బాప్తిస్మము జరిగెను. మూడు దినములలో మొత్తము 3,536. ఇచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచిరి.

2,222 అను సంఖ్యను మనము జూబిలీ సంచికలలో పెద్ద అక్షరములతో అచ్చు వేయుదుము. ఆ పదునైదు నెలలను అచ్చు వేయము. ఆ సంఖ్యకు విలువ తెచ్చినది ఆ నిరాకరణమే కదా! నేడు తలలు లెక్కించి, ఫోటోలు తీయించి, దూరదేశములకు పంపి పైకము తెప్పించు బోధకులు ఆ పదునైదు నెలలలో ఒక్క దినమైనను ఓపగలరా?

ఇక మఱియొక పక్షమువారికి ఒక మాట. తెలుగు క్రైస్తవులందఱు గంజికొఱకు మతము మార్చినవారని ఎగతాళి చేయు పెద్దలు కలరు. వారికి ఒంగోలు లెక్కయే ఒక సమాధానము. రెండవ సమాధానము మఱింత ముఖ్యమైనది. ఆకలిగొన్నవాని ఉద్దేశశుద్ధిని పరీక్షించుటకు ముందు ఆ ఆకలికి కారకులెవరో పరీక్షింపవలెను. కడుపు నిండినవాడు గుడికి పోవునప్పుడు ఏ ఉద్దేశముతో పోవుచున్నాడని ఎవ్వరును అడుగరు. పేదవానినే అడుగుదురు.

అయితే ఈ ఎగతాళికి మనము నోరెత్తి సమాధానము చెప్పలేని చోటు ఒకటి కలదు. అదియే కులము. ధనికుడు బంగారపు ఉంగరముతో వచ్చిన ముందు కూర్చుండబెట్టి, దరిద్రుని ఓరగా నిలుపువారిని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో తీవ్రముగా గద్దించెను. మనము ఆ అధ్యాయమును చదివి, ఆమెన్ అని, ఇంటికి వచ్చి పెండ్లి ప్రకటన వ్రాయుదుము. “క్రైస్తవ రెడ్డి”, “క్రైస్తవ కమ్మ”, “క్రైస్తవ మాల”, “క్రైస్తవ మాదిగ”! విశేషణము ఏది, విశేష్యము ఏది? మా వ్యాకరణ జ్ఞానము మెట్రిక్యులేషనువరకే. అయినను ఆ జంట పదములలో ఏది గట్టిది, ఏది పై పూతయో చెప్పుటకు పెద్ద పాండిత్యము అక్కఱలేదు. సంబంధము కుదురునప్పుడు వధువు మతమును మార్చుటకు ఒప్పుకొందురు, కులమును మార్చుటకు దారి లేదు గనుక సంబంధమునే వదలుకొందురు.

ఇది పై కులములవారి దోషము మాత్రమే యని చెప్పి తప్పించుకొనరాదు. ఒంగోలు బాప్టిస్టులలో మాదిగలు, గుంటూరు లూథరనులలో మాలలు అధికము. మిషనులు పంచుకొన్న పొలిమేరలు కాలక్రమమున కులపు పొలిమేరలైనవి. సంఘపు ఎన్నికలలో ఓట్లు లెక్కించునపుడు ఏ వీధివారు ఎంతమందియను లెక్కయే జరుగుచున్నది. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పయిన వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు తమిళులు. తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో తిరిగి, మాల మాదిగలను ఒక్క పాత్రవద్దకు తెచ్చుటకు పాటుపడిరి. ఆయన 1945లో దివంగతులైరి. ఆ పాటు ఇంకను ముగియలేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ గారు కార్డినలుగా నియమితులైరి. తెలుగువారిలో మొదటి కార్డినలు, దళితులలోను మొదటి కార్డినలు. మనమందఱము సంతోషించితిమి. సంతోషింపవలసినదే. కాని తెలుగు దేశమున కతోలిక సంఘము మూడు శతాబ్దులనుండి ఉన్నది. మొదటివాడు 2022లో వచ్చెననుట సంతోషముతోపాటు మఱియొక భావమును కూడ కలిగింపవలదా?

ఈ విషయములో ప్రభుత్వపు శాసనమును కూడ చూడవలెను. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువులు కానివారికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తింపజేయబడినది. క్రైస్తవ దళితులకు కాలేదు. 2007లో రంగనాథ్ మిశ్ర కమిషను మతముతో నిమిత్తము లేకుండ ఆ హోదా ఇయ్యవలెనని సిఫారసు చేసినది. 2022లో న్యాయమూర్తి బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మఱియొక కమిషను ఏర్పడినది. క్రైస్తవములో కులము లేదు గదా, మీకు రక్షణ ఏల అనునది ఒక వాదము. ఆహా! మన మతము మీద లోకమునకు ఎంత గౌరవము! మన పెండ్లి ప్రకటనలు చదువనివారే ఈ మాట అనగలరు.

ఈ ఉత్తరువు మూలముగా ఆదివారము ఒక పేరు, కచేరీలో ఒక పేరు గల కుటుంబములు ఎన్నో ఏర్పడినవి. వారిని నిజమైన క్రైస్తవులు కారని ఆక్షేపించుట మన మేడలలో ఒక కాలక్షేపము. మేము అట్లు చేయజాలము. సత్యము చెప్పుట విశ్వాసి ధర్మమే, సందేహము లేదు. కాని తన బిడ్డ చదువును పణముగా పెట్టి సత్యము చెప్పవలసినవాడొకడు, ఏమియు పోగొట్టుకొనక సత్యము చెప్పువాడొకడు. రెండవవాడు మొదటివానికి న్యాయాధిపతి కారాదు. మొదట అతనిని తన పంక్తిని కూర్చుండబెట్టుకొని, తన యింటి పిల్లను అతని కుమారునకిచ్చి, అటుపిమ్మట గడిలో ఏమి వ్రాసితివని అడుగుగాక!

ఇక మన బొమ్మనహళ్ళి సంగతికి వత్తము. ఈ ఊరు 2007లో మహానగర పాలికలో కలిసినది. హోసూరు రోడ్డు పొడవున గార్మెంట్ ఫ్యాక్టరీలున్నవి. తెల్లవారుజామున అన్నపు డబ్బా చేతబట్టి గబగబ నడచు స్త్రీలు మన అందఱి కిటికీలకు కనబడుదురు. 2016లో ప్రావిడెంట్ ఫండులో యజమాని వంతు పైకమును ఏబదియెనిమిదవ యేటివరకు తీసికొనరాదని కేంద్ర ప్రభుత్వము నియమము చేయగా, ఏప్రిల్ 18, 19 తేదీలలో వేలాది గార్మెంట్ కార్మికులు, అందులో అత్యధికులు స్త్రీలు, ఈ రోడ్డుమీదికి వచ్చి నిలిచిరి. ఆ రెండు దినములలో కొన్నిచోట్ల దహనములు జరిగినవి. వానిని మేము సమర్థింపము. కాని ఆ స్త్రీలు అడిగినది భిక్షము కాదు, తమ పైకము. 19వ తేదీననే ప్రభుత్వము ఆ నియమమును ఉపసంహరించుకొనెను.

ఆ వెంటనే వచ్చిన ఆదివారమున మన ప్రసంగ వేదికలపై ఈ స్త్రీల మాట ఎన్నిచోట్ల వినబడినది? మా చెవిని పడలేదు. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదనియు, ఆ మొఱ్ఱ దేవుని చెవిని సోకినదనియు చెప్పు యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము మన బైబిళ్ళలోనే కలదు. ట్రాఫిక్కు నిలిచి సిల్కు బోర్డువద్ద రెండు గంటలు చిక్కుకొంటిమను మాట మాత్రము మన యిండ్లలో చాల దినములు వినబడినది.

పని మనుష్యుల విషయము చెప్పనక్కఱలేదు. వంటయింట వేఱు గ్లాసు, వేఱు పళ్ళెము, లిఫ్టు వాడరాదను కట్టడి. ఇవి పెట్టిన యిండ్లలో గోడమీద క్రీస్తు పటము లేదా? అంతియొకయలో పేతురు లేచిపోయిన పంక్తి ఎక్కడనో లేదు. అది మన వంటయింటి గట్టుమీద ఆ వేఱు గ్లాసువద్దనే ఉన్నది.

ఇచ్చట కొందఱు విశ్వాసులు మాకు అడ్డు చెప్పుదురు. “రక్షణ విశ్వాసమువలన; క్రియలవలన కాదు. మీరు ధర్మకార్యములను మతముగా బోధించుచున్నారు” అందురు. మేము వేదాంత పండితులము కాము. విశ్వాసమువలననే రక్షణయని మేమును నమ్ముదుము. కాని ఆ సిద్ధాంతమును అందఱికంటె గట్టిగా చెప్పిన పౌలే పంక్తి విడిచిన పేతురును అడ్డగించెను. అదే పత్రికలో, అదే అధ్యాయములో. విశ్వాసము చాలును గనుక విస్తరి ఎక్కడ వేసికొన్నను ఫరవాలేదని ఆయన అనలేదు. విశ్వాసము చాలును గనుకనే విస్తరి వేఱు చేయుటకు హక్కు లేదనెను. చెట్టు వేరు కనబడదు, సరియే. కాయ కనబడవలదా?

మఱికొందఱు మంచి పనులు చేయువారు అన్ని మతములలోను ఉన్నారు కదా యందురు. ఉన్నారు, అందుకు మేము సంతసించుచున్నాము. కాని గుంటూరులో 1883 మొదలు 1930లో మరణించువరకు స్త్రీలకు వైద్యము చేసిన అన్నా కుగ్లర్ గారిని ఆ జిల్లావారు ఏ మత సిద్ధాంతమును బట్టి తలంచుకొనిరి? మన రాయలసీమనుండి రైలెక్కి వేలూరు ఆసుపత్రికి పోవు రోగి ఆ వైద్యులు ఏ సంఘమువారని అడుగుచున్నాడా? పేరు పెట్టువాడు పొరుగువాడని మేము మొదట చెప్పినది ఇందుకే.

కావున మన కుటుంబములకు మా మనవి ఇది. పెండ్లి ప్రకటనలలో కులపు మాటను తీసివేయుడు. తీసివేసి, వచ్చిన సంబంధమును ఆ మాట లేకయే విచారింపుడు. సంఘపు విందులో పెద్దలకు ఒక బల్ల, పాకీపని చేయు సోదరులకు ఒక బల్ల వేయుట మానుడు. పనిమనిషికి మొదటి తేదీన జీతమును, మీరు త్రాగు గ్లాసులోనే కాఫీని ఇయ్యుడు. వడ్డీకి అప్పులిచ్చువానిని సంఘ పెద్దగా ఎన్నుకొనకుడు. మీ బోధకుడు బాప్తిస్మముల లెక్క చెప్పినప్పుడు, వారిలో ఎందఱి యింట మీరు భుజించితిరని అడుగుడు.

ఇవి చేయుటకు క్రొత్త ఆలయము కట్టనక్కఱలేదు. ఇవి చేసినచో కొందఱు చుట్టములు దూరమగుదురు, కొన్ని సంబంధములు తప్పిపోవును. యెఱ్ఱగుంట్ల పేరయ్య గారి జాతివారు డప్పు క్రింద పెట్టినప్పుడు పోగొట్టుకొన్నదానితో పోల్చిన ఇది ఏపాటి? మనము నిజమైన క్రైస్తవులము అవునో కాదో మనలో మనము వాదించుకొనుట ఇకనైనను మానుదము. ఎదురింటి హైందవ సోదరుని, మూలయింటి మహమ్మదీయ సోదరుని, అన్నిటికంటె ముందు మన యింట అంట్లు తోము ఆమెను అడుగుదము. వారు చెప్పినది విని ఓర్చుకొనుటకు ధైర్యము తెచ్చుకొందము.